కార్ల్ కొండ మీద నాలుగు ఏనుగులు

ఒకే వీధికి రెండు బోర్డులు. ఒకటి తండ్రి పాతించాడు, రెండోది కొడుకు. తండ్రి బోర్డు మీద ‘అలయన్స్ వై’ అని ఉంది. కొడుకు బోర్డు మీద ‘పాశ్చర్స్ వై’ అని ఉంది. డేనిష్ భాషలో వై అంటే దారి. ఒకరు పెట్టిన బోర్డు కన్నా పెద్దది మరొకరు పెట్టించారు. దారికి ఇటు తండ్రి కర్మాగారం, అటు కొడుకు కర్మాగారం. రెండింట్లోనూ తయారయ్యేది బీరే. రెండింటి పేరూ కార్ల్స్‌బర్గే. ఆ పేరు ఎవరిదన్నదే తగువు.

నిజానికి ఆ పేరులో ఉన్నది కొడుకే. కార్ల్ అన్నది అతని పేరు, బర్గ్ అంటే కొండ. 1847లో కోపెన్‌హేగెన్ నగరం వెలుపల, వాల్బీ అనే మిట్ట మీద బ్రూవరీ కట్టినప్పుడు యాకబ్ క్రిస్టియన్ యాకబ్సెన్ దానికి తన ఐదేళ్ల కొడుకు పేరు పెట్టుకున్నాడు. ముప్పై అయిదేళ్లు గడిచేసరికి అదే కొడుకును ఆ పేరు వాడుకోవద్దన్నాడు. ఆ ఇద్దరి ప్రేమ, పంతం, పట్టుదల ఇటుకలయి రాళ్లయి ఇప్పటికీ ఆ కొండ మీద నిలబడి ఉన్నాయి. బీరు తయారీ 2008లో అక్కణ్నుంచి వెళ్లిపోయింది. కట్టడాలు వెళ్లలేదు. ప్రపంచంలో పాత బ్రూవరీలు చాలానే ఉన్నాయి. కట్టినవాళ్ల మనసు ఇంత స్పష్టంగా గోడల మీద చదవగలిగేది మాత్రం నాకు తెలిసి ఇదొక్కటే.

టోపీ పెట్టెలో తోడు

పెరుగు తోడుకోవాలంటే నిన్నటి పెరుగు చెంచాడు కావాలి. ఇంట్లో లేకపోతే చిన్న గిన్నె పట్టుకుని పక్కింటికి వెళతాం. తోడు మంచిదైతే పెరుగు గడ్డగా, కమ్మగా వస్తుంది. తోడు చెడితే పాలన్నీ పాడు. బీరు సంగతీ ఇంతే. బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, మర పట్టి, వేడినీళ్లలో నానబెడితే తియ్యటి రసం దిగుతుంది. చేదు కోసం, వాసన కోసం హాప్స్ అనే తీగ పూలు వేసి దాన్ని మరగబెడతారు. చల్లారాక ఈస్ట్ కలుపుతారు. ఆ ఈస్టే తోడు. ఒక కాపులో పెరిగిన ఈస్ట్‌ను తీసి మరో కాపులో వేస్తూ తరాల తరబడి నడిపించేవాళ్లు.

యాకబ్సెన్ పుట్టింది 1811లో. తండ్రి డెన్మార్క్‌లోని జట్లాండ్ ప్రాంతపు పల్లె నుంచి నగరానికి వచ్చి బ్రూవరీ పెట్టుకున్నవాడు. ఆ రోజుల్లో డెన్మార్క్‌లో బీరు ఇంటి సరుకులాంటిది. ఒకసారి బాగుంటే మరోసారి పులిసిపోయేది. అదే కాలంలో బవేరియాలో కొత్తరకం బీరు పేరు తెచ్చుకుంటోంది. ఆ రకానికి వాడే ఈస్ట్ పీపా అడుగున పేరుకుంటుంది, చల్లటి చోట నెమ్మదిగా పనిచేస్తుంది. బీరును నెలల తరబడి నేలమాళిగల్లో మాగనివ్వాలి. లాగర్ అన్న పేరుకు మూలమైన జర్మన్ మాటకు నిల్వ అనే అర్థం.

1845లో యాకబ్సెన్ బవేరియాలోని మ్యూనిక్ వెళ్లాడు. స్పాటెన్ బ్రూవరీ యజమాని గాబ్రియెల్ సెడ్ల్‌మయర్ దగ్గర ఆ ఈస్ట్ అడిగి తెచ్చుకున్నాడు. రైలు అన్నిచోట్లా లేని కాలం. గుర్రపు బండ్లలో రోజుల తరబడి ప్రయాణం. ఈస్ట్ వేడెక్కితే చచ్చిపోతుంది. అందుకని డబ్బాను టోపీ పెట్టెలో పెట్టుకుని, బండి ఆగిన ప్రతి మజిలీలోనూ దిగి, దాని మీద చన్నీళ్లు పోశాడని ఆ కంపెనీలో తరతరాలుగా చెప్పుకుంటారు. పక్కింటి నుంచి తోడు తెచ్చుకున్నట్టే. కాకపోతే ఆ పక్కిల్లు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంది.

తొలి కాపులను నగరం కోట బురుజుల కింద ఉన్న చల్లటి గదుల్లో నిల్వ చేశాడు. అది చాల్లేదు. మంచి నీళ్లు, లోతైన నేలమాళిగలు తవ్వుకోవడానికి మిట్ట, సరుకు రవాణాకు దారి, మూడూ ఒకేచోట కావాలి. వాల్బీ కొండ దొరికింది. 1847 జూన్‌లో కోపెన్‌హేగెన్ నుంచి రోస్కిల్డెకు రైలు నడవడం మొదలైంది. ఇప్పటి డెన్మార్క్ నేల మీద అదే తొలి రైలు మార్గం, అది ఆ కొండ పక్కనుంచే వెళ్లింది. అదే ఏడాది నవంబరు 10న కార్ల్స్‌బర్గ్‌లో మొదటి కాపు దిగింది.

బ్రూవరీ కట్టడాన్ని అర్థం చేసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. గింజ వెంట నడవాలి. మొలకెత్తించే గదులకు విశాలమైన నేల, తక్కువ ఎత్తు కప్పు, చిన్న కిటికీలు. ఆరబెట్టే బట్టీకి ఆవిరి పోయే ఎత్తైన గూడు. రసం మరిగించే చోట పెద్ద రాగి బానలు, వాటికి తగ్గ ఎత్తైన హాలు. చివరికి అన్నింటికన్నా విలువైనది కంటికి కనబడకుండా మట్టి కింద ఉంటుంది, కమాను కప్పుల మాళిగల్లో. తండ్రి కట్టించిన కార్ల్స్‌బర్గ్ ఇలా పని కోసం పుట్టిన కట్టడం. సొగసు మీద అతనికి చిన్నచూపేమీ లేదు. 1859లో ఫ్రెడెరిక్స్‌బోర్గ్ రాజకోట తగలబడితే దాన్ని నిలబెట్టడానికి సొంత డబ్బు ధారపోసినవాడు. అయితే సొగసు కోటకు, శుభ్రత కర్మాగారానికి అన్నది ఆయన లెక్క. 1867లో బ్రూవరీ కూడా అగ్నికి ఆహుతైంది. మళ్లీ కట్టాడు.

భీమవరం చెరువు గట్టు దాకా

1875లో యాకబ్సెన్ బ్రూవరీ పక్కనే ఒక ప్రయోగశాల తెరిచాడు. బీరు ఎందుకు బాగుంటుందో, ఎందుకు చెడుతుందో ఊహలతో కాదు, సైన్సుతో తేలాలన్నది ఆయన పట్టు. మరుసటేడు కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్ పెట్టి, దాన్ని డేనిష్ సైన్స్ అకాడమీ ఎన్నుకునే విద్వాంసుల చేతిలో పెట్టాడు.

1883లో పరీక్ష ఎదురైంది. కార్ల్స్‌బర్గ్ బీరుకే జబ్బు చేసింది. రుచి చెడింది, వాసన మారింది. ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ అనే శాస్త్రవేత్త ఉన్నాడు. ఒకప్పుడు ఇళ్లకు రంగులు వేసి పొట్టపోసుకున్న మనిషి. డార్విన్ బీగిల్ ఓడ యాత్రా గ్రంథాన్ని డేనిష్‌లోకి తెచ్చినవాళ్లలో ఒకడు. సూక్ష్మదర్శిని కింద చూసి అతను తేల్చింది ఇది: తోడులో కల్తీ ఉంది. మంచి ఈస్ట్‌తో పాటు అడవి ఈస్ట్ కలిసిపోయింది. దీనికి విరుగుడుగా ఒకే ఒక్క ఈస్ట్ కణాన్ని విడదీసి, దాని సంతతినే పెంచే పద్ధతి కనిపెట్టాడు. 1883 నవంబరులో ఆ శుద్ధమైన ఈస్ట్‌తో కాపు పెట్టారు. బీరు జబ్బు పోయింది.

ఇక్కడే యాకబ్సెన్ గొప్పతనం నాకు కొండంత కనిపిస్తుంది. ఈ కిటుకును దాచుకుని ఉంటే ఐరోపా మార్కెట్ అంతా ఆయన గుప్పిట్లోకి వచ్చేది. దాచలేదు. పేటెంటు అడగలేదు. పద్ధతిని అచ్చువేసి బయటపెట్టారు, ఈస్ట్‌ను అడిగిన బ్రూవరీలకు ఇచ్చారు. నలభై ఏళ్ల కిందట తనకు తోడు ఇచ్చిన మ్యూనిక్ ఇంటికి ఇంతకన్నా మంచి బాకీ తీర్చడం ఏముంటుంది?

అదే ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ 1883లో పదార్థంలోని నైట్రోజన్‌ను కొలిచే పద్ధతి ఇచ్చాడు. పాలల్లో, ధాన్యంలో మాంసకృత్తులు ఎంత ఉన్నాయో లెక్కకట్టడానికి ఇప్పటికీ అది ప్రామాణికం. 1909లో సోరెన్ సోరెన్సెన్ ఆమ్లగుణాన్ని కొలిచే పి.హెచ్. స్కేలు తయారుచేశాడు. మన రైతు చేతిలోని భూసార పరీక్ష కార్డు మీద కనిపించే పి.హెచ్. అదే. భీమవరంలో రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి పొద్దున్నే నీళ్లలో రైతు చూసుకునే అంకె అదే. వాల్బీ కొండ మీద ఒక బ్రూవరీ నీడలో పుట్టిన కొలత అది.

తండ్రి తొందరపడడు, కొడుకు ఆగడు

కొడుకును తండ్రి తన అంతవాణ్ని చేయాలనుకున్నాడు. ఇరవైనాలుగో ఏట కార్ల్‌ను విదేశాలకు పంపాడు. నాలుగేళ్ల పాటు ఫ్రాన్స్, జర్మనీ, ఆస్ట్రియా, బ్రిటన్‌లలో బ్రూవరీలు చూసి, పని నేర్చుకుని కార్ల్ తిరిగివచ్చాడు. 1871లో తండ్రి తన బ్రూవరీ పక్కనే కట్టించిన కొత్త బ్రూవరీని అతనికి కౌలుకిచ్చాడు. తగువు అక్కడ మొదలైంది.

తండ్రికి నాణ్యతే దైవం. బీరు మాగాల్సినన్నాళ్లు మాగాలి. కొడుకు చుట్టూ చూశాడు. నగరం పెరుగుతోంది, జనం అడుగుతున్నారు. తక్కువ కాలం నిల్వచేసి ఎక్కువ సరుకు తెచ్చాడు. జనం తాగారు, అమ్మకాలు పెరిగాయి. తండ్రికి కోపం వచ్చింది. కొడుకుకు పౌరుషం వచ్చింది. 1882 నాటికి ఇద్దరూ విడిపోయారు. కొడుకు బ్రూవరీ న్యూ కార్ల్స్‌బర్గ్, అంటే కొత్తది. తండ్రిది గామ్లె కార్ల్స్‌బర్గ్, అంటే పాతది. అదే ఏడాది తండ్రి వీలునామా మార్చి, తన బ్రూవరీ మొత్తం ఫౌండేషన్‌కు రాసేశాడు. ఒక్కగానొక్క కొడుకుకు కార్ల్స్‌బర్గ్ దక్కలేదు. వీధి బోర్డుల పోటీ ఆ రోజుల నాటిదే.

ఇద్దరిలో తప్పెవరిది? చదివిన కొద్దీ నాకు తండ్రి మీదే కోపం వస్తుంది. కొడుక్కి తన పేరు మీదే హక్కు లేదనడం ఏ తండ్రీ చేయకూడని పని. కానీ ఆ మొండితనం నుంచే ప్రయోగశాల పుట్టిందని గుర్తొస్తే ఆ కోపం నిలవదు.

1886లో ఇద్దరూ రాజీపడ్డారు. 1887 ఏప్రిల్ 30న తండ్రి రోమ్ నగరంలో కన్నుమూశాడు.

ఆ తరువాత కార్ల్ చేసిన పని ఒకటి ఉంది. తన కొత్త బ్రూవరీకి 1892లో ఒక మహాద్వారం కట్టించాడు. ఏథెన్స్ నగరపు పాత ద్వారాన్ని తలచుకుని దానికి డిపిలాన్ అని పేరు పెట్టాడు. ఆ ద్వారం మీద రాతిలో చెక్కించిన మాటలు కార్ల్‌వి కావు. తండ్రి వీలునామాలోవి. వెంటనే వచ్చే లాభాన్ని చూసుకోకుండా బీరు తయారీ కళను సాధ్యమైనంత పరిపూర్ణతకు తీసుకెళ్లడమే ఈ బ్రూవరీ ఎప్పటికీ పెట్టుకోవాల్సిన లక్ష్యం అన్నది వాటి సారాంశం. ఏ మాట మీద తండ్రితో కొట్లాడాడో, ఆ మాటనే తన గుమ్మం మీద రాయించుకున్నాడు.

పొగగొట్టం కూడా అందంగా ఉండొచ్చు

కార్ల్‌కు ఒక వాస్తుశిల్పి దొరికాడు, విల్హెల్మ్ డాలెరుప్. కోపెన్‌హేగెన్‌లో రాయల్ థియేటర్, జాతీయ కళా మ్యూజియం కట్టినవాళ్లలో అతను ముఖ్యుడు. థియేటరుకు పెట్టిన శ్రద్ధే బీరు కర్మాగారానికీ పెట్టమన్నాడు కార్ల్. దేశంలో పేరున్న శిల్పులందరినీ పిలిచాడు. ఇటలీ ప్రాసాదాల వరండాలు, రంగురంగుల ఇటుకలు, గోడల మీద శిల్పాలు, కొండ మీద ఒక్కొక్కటిగా లేచాయి.

1900లో కట్టిన పొగగొట్టం చూడండి. సుమారు 56 మీటర్ల ఎత్తు. తిన్నగా నిలువుగా పైకి పోదు. పిండిన తడిబట్టలా మెలికలు తిరుగుతూ లేస్తుంది. ఇటుకను ఇటుక మీద కొంచెం కొంచెంగా తిప్పుతూ పేర్చిన తాపీ మేస్త్రీల చేతిపని అది. కర్మాగారపు పొగగొట్టం వికారంగానే ఉండాలా అన్న ప్రశ్నకు కార్ల్ ఇచ్చిన జవాబు. దాని కింద బొగ్గు వేసినవాళ్లు, సీసాలు కడిగిన ఆడవాళ్లు, జట్లాండ్ గుర్రాల బండ్లలో పీపాలు ఎక్కించినవాళ్లు రోజూ తలెత్తితే కనిపించేది ఆ అందమే. పనిచేసే చోటు అందంగా ఉండాలన్న పట్టింపు యజమానికి ఉండటం చిన్న సంగతి కాదు. మన పారిశ్రామిక వాడల్లో రేకుల షెడ్లు చూసిన కళ్లకు అది బాగా తెలుస్తుంది.

ఇక 1901 నాటి ఏనుగుల ద్వారం. కార్ల్స్‌బర్గ్ అనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది ఇదే. దారికి ఇటు రెండు, అటు రెండు, బోర్న్‌హోమ్ ద్వీపపు గ్రానైట్‌లో చెక్కిన నిలువెత్తు ఏనుగులు. అసలు ఏనుగుకు ఏమాత్రం తీసిపోవు. నాలుగూ కలిసి వీపుల మీద ఒక బురుజును మోస్తాయి. దాని కిందనుంచే బండ్లు, మనుషులు వెళ్లాలి. రోమ్‌లో మినెర్వా కూడలిలో బెర్నీని రూపకల్పన చేసిన, వీపు మీద రాతి స్తంభాన్ని మోసే ఏనుగు కార్ల్‌కు స్ఫూర్తి. తండ్రి కన్నుమూసింది ఆ నగరంలోనే. ఏనుగుల మీద చెక్కిన అక్షరాలు కార్ల్ పిల్లలు నలుగురి పేర్లలో మొదటి అక్షరాలు. తండ్రి తన కొండకు కొడుకు పేరు పెట్టాడు. కార్ల్ తన కొండ బరువును పిల్లల పేర్ల మీద మోపాడు.

ఆ ఏనుగుల పక్కల మీద ఇంకో గుర్తు ఉంది. తెలుగువాళ్లు దాని ముందు ఆగకుండా ఉండలేరు. స్వస్తికం. మనం గడపకు పసుపు రాసి కుంకుమతో దిద్దే గుర్తు, కొత్త ఖాతా పుస్తకం మొదటి పేజీలో పెట్టే గుర్తు. మంచి జరగాలన్న అర్థంతోనే కార్ల్ దాన్ని తన బ్రూవరీ చిహ్నంగా ఎంచుకున్నాడు. హిట్లర్ ఇంకా బడికి వెళ్లే పిల్లవాడిగా ఉన్న రోజుల్లోనే అది ఆ రాతి మీదికి ఎక్కింది. నాజీలు దాన్ని తమ జెండాకు ఎక్కించి మైల పరిచాక, కంపెనీ సరుకు మీద దాన్ని వాడటం మానుకుంది. ఏనుగుల మీద మాత్రం చెరపలేదు. మంచి పనే చేశారు. ఆ గుర్తుకు అంతకుముందు ఒక బతుకు ఉందని ఐరోపా నడిబొడ్డున సాక్ష్యం చెబుతున్న రాళ్లు అవి.

డెన్మార్క్‌కు ఏనుగు కొత్త కాదు. ఆ దేశపు అత్యున్నత రాజ పురస్కారం పేరే ఏనుగు, దాని బిళ్ల మీద బురుజు మోసే ఏనుగు ఉంటుంది.    

ఎవరికి ఇచ్చారు?

కార్ల్ కూడా తండ్రి దారే పట్టాడు. 1902లో న్యూ కార్ల్స్‌బర్గ్‌ను తండ్రి పెట్టిన ఫౌండేషన్‌కే అప్పగించాడు. కళల కోసం న్యూ కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్ పుట్టింది. 1906లో పాత, కొత్త బ్రూవరీలు ఒక్కటయ్యాయి. అతను పోగుచేసిన శిల్పాలు నగరం నడిమధ్య గ్లిప్టోటెక్ మ్యూజియంలో జనం సొత్తుగా ఉన్నాయి. 1897లో తెరిచిన ఆ భవనమూ డాలెరుప్‌దే. కార్ల్ 1914లో పోయాడు. ఇవాళ్టికీ కార్ల్స్‌బర్గ్ కంపెనీ మీద నిర్ణాయకమైన ఓటు హక్కు తండ్రి పెట్టిన ఫౌండేషన్‌దే. అంటే ఎక్కడ ఎవరు ఆ సీసా కొన్నా, లాభంలో కొంత డేనిష్ సైన్సుకు, కళలకు వెళుతుంది.

తండ్రి ఉండిన ఇంటి సంగతి ఇంకా ముచ్చటైనది. సైన్సులోనో సాహిత్యంలోనో కళల్లోనో దేశానికి పేరు తెచ్చినవాళ్లు జీవితాంతం ఉండటానికి ఆ ఇంటిని ఇవ్వాలని ఆయన రాసిపెట్టాడు. మొదట తత్వవేత్త హరాల్డ్ హోఫ్డింగ్ ఉన్నాడు. 1932 నుంచి 1962లో చనిపోయేదాకా అది అణు శాస్త్రవేత్త నీల్స్ బోర్ ఇల్లు. 1943లో నాజీల బారి నుంచి తప్పించుకోవడానికి బోర్ దంపతులు ఆ ఇల్లు విడిచి రాత్రివేళ పడవలో స్వీడన్ చేరాల్సి వచ్చింది. యుద్ధం ముగిశాక తిరిగివచ్చి మళ్లీ అక్కడే ఉన్నారు.

2008లో తయారీ జట్లాండ్‌లోని ఫ్రెడెరిసియాకు మారినప్పుడు, నగరం పక్కన 30 హెక్టార్లకు పైగా నేల ఖాళీ అయింది. అంత ఖరీదైన నేల అలా చేతికొస్తే ఏం జరుగుతుందో మనకు తెలుసు. మిల్లు మూతపడ్డ ఏ ఊరివాళ్లనడిగినా చెబుతారు: ముందు యంత్రాలు తూకానికి పోతాయి, తరువాత గోడలు, చివరికి ప్లాట్ల నంబర్లు. కార్ల్స్‌బర్గ్‌లో కూడా కొత్త ఇళ్లు లేచాయి. బోర్ పేరు పెట్టుకున్న 100 మీటర్ల టవర్ ఒకటి పాత పొగగొట్టాన్ని చిన్నబుచ్చుతోందని నా బాధ. కానీ ఏనుగులు, డిపిలాన్, మరిగించే హాలు, మాళిగలు ఉన్నచోటే ఉన్నాయి. పాత మాల్ట్ గిడ్డంగినీ, 1969 నాటి నిల్వ భవనాన్నీ కలిపి హోటల్ చేశారు. దానికి కార్ల్ భార్య ఒటీలియా పేరు పెట్టారు. భర్త కట్టించిన అన్నింటి వెనుకా ఉండి, చరిత్రలో అంతగా కనపడని మనిషికి అలా చోటు దక్కింది.

ఆ కట్టడాలు మిగలడానికి కారణం చట్టమొక్కటే కాదు. వాటిని కట్టినప్పుడే కార్ల్ వాటిని చూడదగ్గవిగా కట్టాడు. రేకుల షెడ్డును ఎవరూ కాపాడమని అడగరు.

కోపెన్‌హేగెన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న పిల్లల్ని చూడ్డానికి మనవాళ్లు ఇప్పుడు బాగానే వెళుతున్నారు. సముద్రం ఒడ్డున రాయి మీద కూర్చున్న మత్స్యకన్య విగ్రహం దగ్గర ఫొటో దిగి తిరిగి వచ్చేస్తారు. 1913లో ఆ విగ్రహాన్ని నగరానికి కానుకగా ఇచ్చింది కూడా కార్ల్ యాకబ్సెనే. ఈసారి వెళ్లినప్పుడు ఒక పూట వాల్బీకి కేటాయించండి. 2016లో తెరిచిన కార్ల్స్‌బర్గ్ స్టేషన్‌లో లోకల్ రైలు దిగితే నడిచేంత దూరమే. ముందు ఏనుగుల కింద కాసేపు నిలబడండి. తరువాత డిపిలాన్ దగ్గరికి వెళ్లి, ఆ రాతి మీద తండ్రి మాటలు ఎక్కడున్నాయో పిల్లలనడిగి చదివించుకోండి.